కాన్వాసు పడకలలో అయిదు రాత్రులు

మా షోలాపూరుకు వాన చుట్టపుచూపుగా వచ్చి పోయేదేగాని కాపురముండేది కాదు. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మృగశిర కార్తె ఎప్పుడు వస్తుందా అని ఆకాశం వైపు చూస్తూ కూర్చుంటాము. అటువంటి ఊరివాళ్లము 2023 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా వెళ్లి, గుడ్డ గోడల నడుమ పండుకొని, నెత్తిమీద వాన కురుస్తూండగా పరుపు తడవకుండా కాపాడుకొనే విద్య నేర్చుకొని వచ్చాము. నేర్చుకొనేలోగా రెండు మూడుసార్లు తడిశామని కూడా ఒప్పుకోవాలి.

మా తమ్ముడు మెల్‌బోర్నులో వుద్యోగం. ఆరేళ్లుగా ఇంటికి రాలేకపోయాడు. మా తల్లిగారికి డెబ్బై దాటాయి. షోలాపూరు తూర్పు పేటలో మన పద్మశాలి ఆడవాళ్లు చాలామందిలాగే ఆమె కూడా ముప్పై ఏళ్లు బీడీలు చుట్టారు; పొగాకు దుమ్ము ఛాతీలో నిలిచిపోయింది. చలిగాలి తగిలితే దగ్గు పట్టుకుంటుంది. ఆమె తిరగగలిగినప్పుడే మనుమరాలిని చూపించాలని తమ్ముడు ముగ్గురికీ టికెట్లు పంపించాడు. మాకు ఆఫీసులో సెలవు దొరకడమే టికెట్టు దొరకడం కంటె కష్టమయింది. ఆ కథ ఇక్కడ వద్దు.

అక్కడ ఈస్టరు పండుగకు బడులకు రెండు వారాలు సెలవులు. "అన్నా, మనం అందరం సముద్రపు ఒడ్డున అయిదు రోజులు తిరిగొద్దాం. హోటలు అక్కరలేదు, మన ఇల్లు మన వెంబడే వస్తుంది," అన్నాడు తమ్ముడు. ఆ ఇల్లు ఆయన పాతది కొన్న కారవాను బండి. కారు వెనుక కట్టి లాగుతారు. ప్రయాణంలో గాలి దెబ్బ తగలకుండా కప్పు కిందికి దిగి వుంటుంది. ఆగిన చోట కప్పును పైకి లేపితే మనిషి నిటారుగా నిలబడవచ్చు. అసలు చమత్కారం బండి రెండు చివరలలో వున్నది. ముందు గోడా వెనుక గోడా బల్లలాగ బయటికి వాలుతాయి. ఆ బల్లల మీద పరుపులు, పరుపుల మీద కమానుకడ్డీలకు బిగించిన కాన్వాసు గుడారం. అంటే పండుకొన్న మనిషి బండి వెలుపల గాలిలో వుంటాడు. వానకూ అతనికీ మధ్య ఒక గుడ్డ తప్ప ఏమీ లేదు.

ఈ గుడ్డ విషయంలోనే తమ్ముడికి ఒక దిగులు వున్నది. బండిని అమ్మినవారు కాన్వాసును తడిగానే మడిచి నెలల తరబడి వుంచారట. తెరిచేసరికి నల్లని బూజు మచ్చలు, ముక్కు పగిలే వాసన. పాత గుడ్డ తీయించి, ఒక గుడారాలు కుట్టే అతనిచేత కొత్త కాన్వాసు కుట్టించాడు. బండి ధరలో మంచి భాగం దానికే అయింది. "ఇదీ పాడైతే మా ఆవిడ బండినే అమ్మించేస్తుంది," అని నవ్వుతూనే అన్నాడుగాని అది నవ్వుకు అన్న మాట కాదు.

గీలాంగు దాటి టార్కీ చేరితే అక్కడనుండి గ్రేట్ ఓషన్ రోడ్డు మొదలవుతుంది. దాదాపు 240 కిలోమీటర్ల పొడవు. మొదటి ప్రపంచ యుద్ధం నుండి తిరిగివచ్చిన సిపాయిలు 1919 మొదలు 1932 వరకు గునపాలతో పారలతో కొండచరియలు తొలిచి వేసిన దారి యిది. చనిపోయిన తోటివారి జ్ఞాపకార్థం కట్టారు కనుక దారి మొత్తం ఒక స్మారకమే. ఎడమ చేతి వైపు సముద్రం, కుడి చేతి వైపు కొండ. నడుమ మా తమ్ముడు వెనుక బండిని అద్దంలో చూసుకుంటూ, మలుపు మలుపుకూ మా మరదలి హెచ్చరికలు వింటూ నడిపాడు. మా తల్లిగారు మాత్రం కళ్లు మూసుకొని రామనామం చేసుకున్నారు. సాయంకాలానికి అపోలో బే అనే చిన్న ఊరు చేరాము.

అక్కడ బండ్లు నిలిపే తోట వున్నది. ఒక్కొక్క బండికి కొంత పచ్చిక, ఒక కరెంటు స్తంభం, ఒక నీళ్ల కుళాయి. ఆ ఊరికి వెనుకనే ఆట్వే కొండలు. విక్టోరియా రాష్ట్రంలో మిక్కిలి వాన కురిసే తావులలో అదొకటి. ఈ సంగతి మాకు ఎవరూ ముందు చెప్పలేదు. రాత్రి పదిన్నరకు వానే వచ్చి చెప్పింది.

వెనుక పడకలో మా తల్లిగారూ మనుమరాలూ, ముందు పడకలో మేమిద్దరం, నడుమ బల్ల దించి చేసిన పడకలో తమ్ముడూ మరదలూ. వాన పడ్డ పావుగంటకు కుట్ల వెంబడి సన్నని బొట్లు లోపలికి రావడం మొదలైంది. కొత్త గుడ్డ! తమ్ముడి ముఖం పాలిపోయింది. టార్చి వేసి చూస్తే గుడ్డ నడిమి భాగం పొడిగానే వున్నది. సూది దిగిన బెజ్జాల వరుస మాత్రమే కారుతున్నది. అప్పుడు గుర్తుకు వచ్చింది తమ్ముడికి. వాడే ముందు రెండు మూడుసార్లు పైపుతో బాగా తడిపి ఆరబెట్టమని కుట్టినతను చెప్పాడట. పని తొందరలో మరిచిపోయాడు.

మేము ఆ మాట వినీ అర్థం కాక చూస్తూంటే మా తల్లిగారు లేచి కూర్చున్నారు. "గిదేం వింతరా చిన్నోడా? నూలు బట్ట గదా, దాన్ని నీళ్లు తాగనియ్యి. తాగినంక దారం ఉబ్బుతది, సందు మూసుకుంటది. మీ నాయిన మగ్గం మీద ఎన్నిసార్లు చెప్పలేదు?" అన్నారు.

ఆమె అన్నది అక్షరాలా నిజం. ఆ కాన్వాసు నూలూ కృత్రిమపు దారమూ కలిపి నేసినది. తడిస్తే నూలు ఉబ్బి, పడుగుకూ పేకకూ మధ్య సందులూ, సూది బెజ్జాలూ మూసుకుంటాయి. ఆరిన తరువాత కూడా ఆ సర్దుబాటు చాలావరకు నిలుస్తుంది. రెండు మూడు తడుపులు అయ్యేసరికి గుడ్డ పదునెక్కుతుంది. మేము ఆ రాత్రి కుట్ల కింద తువ్వాళ్లు పరిచి సర్దుకున్నాము. తెల్లవారుజామున మళ్లీ జల్లు పడినప్పుడు సగం బెజ్జాలు కారనేలేదు. మూడో రోజుకు ఒక్క మూల కుట్టు తప్ప అన్నీ మూసుకున్నాయి. ఆ మూలకు తమ్ముడు తేనెమైనం రుద్దాడు.

రెండో రాత్రి వాన లేదు. చలి ఎక్కువ. తల్లిగారికి దగ్గు వస్తుందేమోనని మేమే పట్టుబట్టి కిటికీ గుడ్డలన్నీ జిప్పులు లాగి మూసేశాము. పడుకోబోయే ముందు లోపలనే గ్యాసు పొయ్యి మీద అందరికీ చాయ కాచాము. తెల్లవారి చూస్తే చుక్క వాన లేకుండానే గుడారం లోపలి వైపంతా చెమ్మ! తల్లిగారి దుప్పటి అంచు తడి, కాళ్ల వైపు పరుపు చల్లగా తడి. తమ్ముడు మళ్లీ కుట్టినతని మీద విరుచుకుపడ్డాడు, మేమూ వంత పాడాము. పాపం, అతని తప్పేమీ లేదు.

పక్క బండిలో ఒక ముసలాయన, ఆయన భార్య వున్నారు. ముప్పై ఏళ్లుగా ఇట్లాంటి బండ్లలోనే తిరుగుతున్నారట. ఆయన వచ్చి, వేలితో కాదు, కంటితోనే గుడ్డ చూశాడు. నీరు ఒక కుట్టు దగ్గరో ఒక మూలనో వుంటే అది కారుడు. వాన లేని రాత్రి కూడా గుడ్డ అంతటా సమానంగా చెమర్చితే అది మీ ఊపిరే అన్నాడు. లోపల ఆరుగురు మనుషులు రాత్రంతా విడిచిన ఆవిరి, చాయ ఆవిరి, పైగా గ్యాసు మండినప్పుడు దానినుండి పుట్టే ఆవిరి—అంతా బయటికి పోయే దారిలేక, చల్లని గుడ్డకు తగిలి నీరైంది. చలిని ఆపుదామని మూసిన మేమే తల్లిగారి పడక తడిపామన్న మాట.

ఇప్పుడు చిక్కు వచ్చి పడింది. తెరిస్తే దగ్గు, మూస్తే చెమ్మ. ఏది ఎంచుకోవాలి? మా మరదలు తెరవవద్దన్నది, తమ్ముడు తెరవాలన్నాడు. మా తల్లిగారే తేల్చారు. "చల్లగాలికి చద్దరు కప్పుకుంట. తడి పరుపుకు ఏం కప్పుకోవాలె?" తునికాకును మెత్తపడేందుకు తడిగోనెలో చుట్టి, చుట్టిన బీడీలను చెమ్మ తగలకుండా ఆరబెట్టి, ముప్పై ఏళ్లు చెమ్మతోనే సంసారం చేసిన మనిషి. ఒక్క పూట చెమ్మ నిలిస్తే బూజు పడుతుందని ఆమెకు తెలిసినంతగా మా ఇద్దరు చదువుకున్న కొడుకులకు తెలియదు.

అది మొదలు రెండు పక్కలా కిటికీలను పైన బెత్తెడు చొప్పున తెరిచి వుంచాము. ఒక పక్కనే తెరిస్తే గాలి నడవదు. చాయ బయట పందిరి కిందనే కాచాము. తల్లిగారికి కోతిటోపీ, రెండు షోలాపురి చద్దర్లు. పొద్దున్నే లేచి పరుపును నిలబెట్టి చూడడం కూడా ముసలాయన నేర్పిందే. కింద బల్ల చల్లగా వుంటుంది కనుక ఒంటి వేడికి పరుపు అడుగున కూడా నీరు చేరుతుంది. మేము ఊళ్లో రెండు కొబ్బరినార చాపలు కొని పరుపుల కింద పరిచాము. గాలి ఆడేందుకు అంత సందు చాలింది. ఆయన తన దగ్గరున్న పాత వెండిరంగు పట్టాను కూడా యెరువిచ్చాడు. తాళ్లతో వెనుక గుడారం మీద కడితే, పట్టాకూ కాన్వాసుకూ మధ్య కొంచెం గాలి నిలిచి, వాన దెబ్బ గుడ్డకు తగలదు, లోపల చెమ్మా తగ్గుతుంది.

ఇక మూడో తడుపు పూర్తిగా మాదే. ముందు పడకలో చోటు చాలక మా సంచీని కాళ్ల దగ్గర గుడ్డకు ఆనించి పెట్టాము. వాన నీరు బిగువుగా వున్న గుడ్డ మీద నిలవక జారిపోతుంది. లోపలినుండి ఏదైనా ఆనిందా, ఆ చోట బిగువు పోయి నీరు దాని వెంబడి లోపలికి నడుస్తుంది. వేలు తగిలినా అంతే. తెల్లవారేసరికి సంచీలో మా ఇంటావిడ రెండు చీరెలూ మా పాస్‌పోర్టుల కవరూ తడిశాయి. పాస్‌పోర్టులు ప్లాస్టిక్ సంచీలో వున్నాయి కనుక బతికిపోయాము. ఆ రోజంతా ఆవిడ మాతో మాట్లాడలేదు.

పడక అంచులలో కూడా ఇట్లాంటి మోసమే వున్నది. కాన్వాసు అంచు బల్లకు వెలుపల కిందికి వేలాడాలి. దుప్పటి సర్దుతూ ఆ అంచును లోపలికి దోపితే దీపపు వత్తిలాగ నీటిని పీల్చి పరుపుకు చేరుస్తుంది. కమానుకడ్డీ వదులైతే పైన గుంట పడి నీరు నిలుస్తుంది. నిలిచిన నీటిని కిందినుండి చేత్తో పొడవకుండా కడ్డీనే బిగించాలి.

నాలుగో రోజు ఆట్వే అడవి గుండా పోర్టు కాంప్‌బెల్ వెళ్లాము. మిన్నంటే నీలగిరి చెట్లు. మన నీలగిరి కొండలలో నాటిన ఆ జాతి ఈ దేశంనుండి వచ్చిందే. తరువాత సముద్రంలో నిలబడ్డ సున్నపురాతి స్తంభాలు. పేరు పన్నెండు అపోస్తలులేగాని పన్నెండు ఎన్నడూ లేవట. 2005 జూలైలో ఒకటి మనుషులు చూస్తూండగానే కూలిపోయింది. ఆ పక్కనే లండన్ బ్రిడ్జి అనే రాతి వంతెన 1990 జనవరిలో తెగిపడితే అవతల చిక్కుకున్న ఇద్దరిని హెలికాప్టరులో దించారు. మా తల్లిగారు ఆ కథ విని, "రాయికే నిలకడ లేదు," అని, మరుక్షణం, "చద్దరు ఎండకు వేసిండ్రా?" అని అడిగారు.

చివరి ఉదయం జోరున వాన. ఇదే అన్నిటికంటె ప్రమాదమైన ఘడియ. బండి మూసేటప్పుడు తడి కాన్వాసు తిన్నగా పరుపు మీదికి వాలుతుంది. రాత్రంతా కాపాడిన పడక అయిదు నిమిషాలలో నానిపోతుంది. అందుకని పక్కబట్టలన్నీ లోపలికి చేర్చి, పరుపుల మీద పెద్ద ప్లాస్టిక్ పట్టాలు పరిచి, లోపలి చెమ్మ తువ్వాలుతో తుడిచి, కడ్డీలు వదిలించి, గుడ్డను లోపలికి తోస్తూ బల్లలు పైకెత్తి గడియ పెట్టాము. తమ్ముడు మాటిమాటికీ అంచు ఎక్కడైనా నలిగిందేమోనని తిరిగి చూశాడు.

రాత్రి ఇల్లు చేరేసరికి అందరం అలసిపోయాము. రేపు చూద్దామన్నాము. తల్లిగారు ఒప్పుకోలేదు. చీకట్లోనే ఇంటి ముందు బండి తెరిచి పడకలు దించాము. మరునాడు మళ్లీ జల్లులు. తెరుస్తూ, పట్టా కప్పుతూ, మళ్లీ తెరుస్తూ మూడు రోజులు పట్టింది. సబ్బు పెట్టి తోముదామని మా మరదలు బకెట్టు తెస్తే తమ్ముడు ఆపాడు. సబ్బు తగిలితే నీటిని ఆపే పూత పోతుందట. మెత్తని బ్రష్షుతో మట్టి దులిపాడు, అంతే.

మూడో సాయంత్రం తమ్ముడు గుడ్డను తడిమి, "ఆరింది," అని మడవబోయాడు. మా తల్లిగారు వచ్చి, అరచెయ్యి కాదు, చెంప ఆనించి చూశారు. ముందు పడక అయిందన్నారు. వెనుక పడక మూల కుట్టు దగ్గర ఆగి, "దీనికి ఇంకో పూట కావాలె," అన్నారు. తమ్ముడు మరుసటి రోజు ఆఫీసుకు పోతూ వెనుక పడకను తెరిచే వుంచి పోయాడు.