ఒకే మెట్టు మీద నుంచి

ఏటా తొలకరి ఆకుల మీది ఎర్రదుమ్ము కడిగేసిన మర్నాడు, బచేలి క్వార్టర్ పెరటి మెట్టు మీద నిలబడి ఫోన్‌ను ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పుతాను. బొప్పాయి, కరివేపాకు, మునగ. వెనక ఎద్దు మూపురంలాంటి కొండ. బైలాడీల అన్న పేరు ఆ పోలికతో వచ్చిందే. పనోరమాలో తిన్నని గోడ విల్లులా వంగుతుంది. నాకదే ఇష్టం, పెరడంతా ఒళ్లోకి తీసుకున్నట్టుంటుంది.

నిరుటి ఫొటోలో అమ్మ రెండుసార్లు పడింది. నేను తిప్పుతున్న వైపే నడిచింది మరి: బంతి మడి దగ్గర ఒకసారి, మునగ కింద ఒకసారి. ఈ ఏడు విశాఖలో అన్నయ్య దగ్గరుంది. ఈ కొండ ఇనుపరాయి రేవుకు వెళ్లే కిరండూల్–కొత్తవలస పట్టాల మీదే తానూ వెళ్లింది.

ఈసారి బంతి మడి దగ్గర చెయ్యి వణికింది. అక్కడ గోడ అతుకు తప్పింది. మళ్లీ తీయలేదు.