చిన్న మాట చేసిన పెద్ద పొరపాటు

మా పాఠశాలలో ఉచితముగా పుస్తకములు పొందదగినవారి పట్టికను సిద్ధపఱచు పనిని గణితోపాధ్యాయులు కంప్యూటరు తరగతివారమగు మాకు ఒప్పగించిరి. నియమమును నల్లబల్లపై నిట్లు వ్రాసిరి: “తండ్రి లేని పిల్లలకును, పేద పిల్లలకును పుస్తకము లీయవలెను. అందఱకును హాజరు నూటికి 75 ఉండవలెను.”

మేము దీనిని పైతాన్ అను కంప్యూటరు భాషలో వ్రాయుచు, షరతుల నన్నింటిని “ఆండ్” అను మాటతోనే కలిపితిమి. 3 పేర్లు వచ్చినవి. సంతోషముతో పట్టికను గోడకు అంటించితిమి.

మఱునాడు మాతోడి బాలిక యొకతె దానిని రెండు మాఱులు చదివి, ఏమియు ననక తన చోట కూర్చుండెను. ఆమెకు తండ్రి లేడు. తల్లి కుట్టుపని వలన వచ్చు ఆదాయము పేదల లెక్కకు కొంచెము మించును. అప్పుడు గాని మా తప్పు మాకు తెలియలేదు.

తెలుగున “వీరికిని, వారికిని” అన్నచో ఇరుతెగలవారికిని అని యర్థము. యంత్రము అట్లు గ్రహింపదు. ఒక్కొక్క విద్యార్థిని గూర్చి, “తండ్రి లేడా? కుటుంబము పేదదా?” అని విచారించును. “ఆండ్” అన్నచో రెంటికిని అవునని రావలెను. “ఆర్” అన్నచో ఒకదానికి వచ్చినను చాలును. ఆ రెండు షరతుల నడుమ మాకు కావలసినది “ఆర్”.

అట్లు మార్చగా 12 పేర్లు వచ్చినవి. కాని వారిలో హాజరు చాలనివాడొకడు చేరెను. కూడికకంటె గుణకారము ముందు జరుగునట్లే, “ఆర్” కంటె “ఆండ్” ముందుగా షరతులను కలుపును. కనుక హాజరు నియమము పేదవారికి మాత్రమే తగిలి, తండ్రి లేనివారిని విడిచిపెట్టెను. మొదటి రెండు షరతులను కుండలీకరణములలో నుంచగా 11 పేర్లు నిలిచినవి. ఆ బాలిక పేరును అందుండెను.

సరిచూచుటకై పుస్తకములు రానివారి పట్టికను వేఱుగా తీసితిమి. “ఇది గాని, అది గాని” అనుదానికి వ్యతిరేకము “ఇదియు కాదు, అదియు కాదు” అనునదియే. ఈ సూత్రము, 1806లో తమిళదేశమందలి మధురలో జన్మించిన ఆగస్టస్ డీ మోర్గన్ పేర వ్యవహరింపబడుచున్నది. రెండు పట్టికలును కలిసి పాఠశాల యంతయు నయ్యెను. ఏ పేరును రెండింట లేదు.

మేమా బాలికను మన్నింపు మని వేడితిమి. “నా పేరు వచ్చినది గదా!” అని యామె నవ్వెను.

నాటినుండి ఏ నియమమునైనను యంత్రమున కిచ్చుటకు ముందు కాగితముపై పరీక్షించుచున్నాము. షరతులు రెండైన 4 విధములు, మూడైన 8 విధములు. ప్రతి విధమునకును ఒక విద్యార్థిని ఊహించి, ఫలము న్యాయమా కాదా యని చూతుము. అందుకు పట్టునది కొలది నిమిషములే.