పబ్జీ పోయాక మిగిలిన సబ్జెక్టు

2020 సెప్టెంబర్ 2న కేంద్రం 118 మొబైల్ యాప్‌లను నిషేధించిందని టీవీలో వస్తుంటే మా ఇంట్లో అందరికంటే సంతోషించింది మా అమ్మ. ఆ జాబితాలో పబ్జీ ఉంది. "నా మొక్కు ఫలించిందిరా" అంది. నిజాంపట్నంలో మా వీధిలో కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడంటే తల్లికి అదో గౌరవం. ఆ కొడుకు అర్ధరాత్రి డాబా మీద కూర్చుని "రేయ్, వెనకాల ఉన్నాడు, కొట్టు, కొట్టు" అని అరుస్తుంటే పక్కింటివాళ్లకు సమాధానం చెప్పుకోవాల్సిందీ ఆవిడే.

అప్పటికి నాకు రెండో ఏడాది సబ్జెక్టులు కొన్ని మిగిలిపోయి ఉన్నాయి. ఇంట్లో అందరి లెక్కా ఒకటే: వీడు ఆడుతున్నాడు కాబట్టి చదవట్లేదు, ఆట పోతే చదువుతాడు. నా లెక్కా అదే. పైకి ఏడుపు మొహం పెట్టాను గానీ లోపల కాస్త హాయిగానే అనిపించింది. నావల్ల కాని పని గవర్నమెంటే చేసిపెట్టింది కదా!

అప్పటికే ఫోన్లో ఉన్న ఆట అక్టోబర్ 30 దాకా నడిచింది. ఆ రోజుతో సర్వర్లు ఆపేశారు. తర్వాత ఫ్రీ ఫైర్ వేసుకున్నాను. నచ్చలేదు. నచ్చకపోయినా ఆడాను. అదీ విసుగొచ్చాక, ఎవడో ఆడుతుంటే యూట్యూబ్‌లో గంటలకొద్దీ చూశాను. ఆ తర్వాత వంటల వీడియోలు కూడా చూశాను, ఉల్లిపాయ తరగడం రానివాణ్ణి. ఆట పోయింది, చదువు రాలేదు. పుస్తకం మాత్రం ఎప్పుడూ ఒళ్లోనే ఉండేది, అమ్మకు కనిపించడానికి.

ఆ ఆట ఎందుకంతగా పట్టుకుందో ఆడనివాళ్లకు చెప్పాలి. వందమంది విమానంలోంచి ఒక దీవి మీదకు దూకుతారు. ఎరాంగెల్ అని దాని పేరు, ఎనిమిది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు. ఉత్త చేతులతో దిగి, ఇళ్లల్లో దూరి తుపాకులూ హెల్మెట్లూ ఏరుకోవాలి. ఆడే చోటు గడియగడియకీ కుంచించుకుపోతుంటుంది. అరగంటలో సంగతి తేలిపోతుంది. ఎవడు కొట్టాడు, ఎక్కడ నిలబడి కొట్టాడు, నువ్వు చేసిన పొరపాటేంటి, అన్నీ చచ్చిన క్షణంలోనే తెలుస్తాయి. మరి చదువులో? సెమిస్టర్ పరీక్ష ఫలితం వచ్చేసరికి తర్వాతి సెమిస్టర్ సగం గడిచిపోతుంది. ఎక్కడ తప్పామో చెప్పే నాథుడుండడు. ఎఫ్ అని ఒక్క అక్షరం వస్తుంది, అంతే.

పైగా మాది నలుగురి స్క్వాడ్. రేపల్లె వాడొకడు, చీరాల వాడొకడు, తెనాలి వాడొకడు. మధ్యలో లేస్తే మిగతా ముగ్గురినీ ముంచినట్టే. మా నాన్న నన్ను బాధ్యత లేనివాడనేవాడు గానీ ఆ మాట నిజం కాదు. చెప్పిన టైముకు రావడం, తోటివాడు పడిపోతే వెళ్లి లేపడం, తనకు దొరికిన మందులో సగం పక్కవాడికివ్వడం, అన్నీ చేసేవాణ్ణి. నా బాధ్యతంతా అక్కడే ఖర్చయిపోయేది.

పోచింకి అనే ఊళ్లో ఏ మేడ మీద నిలబడితే రోడ్డంతా కనిపిస్తుందో నాకు కంఠతా వచ్చు. మా ఊరి సంగతి మాత్రం, 1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ ఇక్కడ ఆగి మచిలీపట్నం వెళ్లిందనీ, అంతకు ఐదేళ్ల ముందే డచ్చివాళ్లు ఇక్కడ వర్తకం మొదలుపెట్టారనీ, వాళ్లు రాసుకున్న పెటపోలి మా నిజాంపట్నమేననీ, చాలా ఏళ్ల తర్వాత గ్రూప్స్ పుస్తకంలో చదివి తెలుసుకున్నాను.

అసలు సంగతికి వస్తాను. మిగిలిపోయిన వాటిల్లో నన్ను వణికించింది సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్. పుస్తకం ఎక్కడ తెరిచినా ఇంటిగ్రేషన్ గుర్తు పాములా లేచి నిలబడేది. ఇంటర్లో ఎంసెట్ కోసం మాకొక కిటుకు నేర్పారు: ఇంటిగ్రేషన్ బిట్టు వస్తే దాన్ని చేయొద్దు, ఇచ్చిన నాలుగు జవాబుల్నీ డిఫరెన్షియేట్ చేసి చూడు, ఏది కుదిరితే దానికి టిక్కు పెట్టు. బ్రహ్మాండంగా పనిచేసింది. ర్యాంకు వచ్చింది, సీటు వచ్చింది. బీటెక్‌లో ఆ నాలుగు జవాబులూ ఇవ్వరని అప్పుడు ఎవరూ చెప్పలేదు. క్లాసులో ఫోరియర్ సిరీస్ మొదలైన రోజు నుంచీ నాకు బోర్డు మీద ఒక్క ముక్క ఎక్కలేదు. అడగడానికి సిగ్గు. ఆ సిగ్గు నుంచి దాక్కోవడానికి ఫోన్ కంటే మంచి చోటు ఎక్కడుంటుంది?

అంటే నేను ఆడడం వల్ల చదవలేదా, చదవలేక ఆడానా? ఆట పోయిన ఆ కొద్ది నెలలే నాకు జవాబు చెప్పాయి. అప్పుడు వినిపించుకోలేదు.

మా తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. మా నాన్న బోటు మీద కళాసీ. 2021 వేసవిలో వేట నిషేధం, రెండో విడత కరోనా ఒక్కసారే వచ్చి ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. పొద్దున్నే వసారాలో వల పరుచుకుని, కాలి బొటనవేలికి తగిలించి బిగువుగా లాగి, చిరిగిన చోటు చూసుకునేవాడు. చూసి, కుట్టకుండా ముందు కత్తిరించేవాడు. కన్నం ఇంకా పెద్దదయ్యేది.

"చిరుగు పెద్దది చేస్తున్నావేంటి నాన్నా?"

"పీలికల మీద ముడి నిలవదురా. గట్టి దారం తగిలేదాకా కోసుకుంటూ పోవాలి."

నేను మళ్లీ ఫోన్లోకి తల దూర్చాను.

ఆ ఏడాది ప్రభుత్వం ఇచ్చిన వేట నిషేధ భృతి 10,000 రూపాయలు. అందులోంచి నా సప్లిమెంటరీ పరీక్షల ఫీజు తీసి నాన్న చేతికిచ్చాడు. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. ఆ సాయంత్రమే మా వీధిలో ఉండే, డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పే అక్క దగ్గరకు పుస్తకం పట్టుకుని వెళ్లాను. ఆమె ఆట సంగతి, ఫోన్ సంగతి ఎత్తలేదు. కాగితం మీద చిన్న ఇంటిగ్రేషన్ ఒకటి రాసి చేయమంది. ఎక్స్ ఇంటూ సైన్ ఎక్స్. చేయలేకపోయాను. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతూ!

"నీకు సిగ్నల్స్ రాకపోవడం కాదురా తమ్ముడూ, ఇంటిగ్రేషన్ రాదు. ఇంటర్ సెకండియర్ టూ-బీ పుస్తకం తెచ్చుకో" అంది.

తెలుగు అకాడమీ వాళ్ల ఆ పుస్తకం మా వీధిలో ఇంటర్ చదివే పిల్లాడి దగ్గర అడిగి తెచ్చుకున్నాను. పరువు పోయింది, వాడు నవ్వాడు కూడా. కానీ బై పార్ట్స్ పద్ధతి చేతికి పట్టుబడ్డాక ఒక విచిత్రం జరిగింది. ఫోన్ చూడడం తగ్గింది. నేనేమీ తగ్గించలేదు, ఒట్టేసుకోలేదు, యాప్‌లు తీసేయలేదు. లెక్క చేసి వెనక పేజీల్లో జవాబు చూసుకుంటే అప్పటికప్పుడు తెలిసిపోతోంది తప్పో ఒప్పో, పబ్జీలో తెలిసినట్టే.

అక్కడితో బాగుపడ్డానని రాస్తే అబద్ధం. జులై 2న బీజీఎంఐ పేరుతో అదే ఆట తిరిగొచ్చింది. ఆ రోజే వేసుకున్నాను. రోజుకు గంట అని నియమం పెట్టుకున్నాను, అది నిలవలేదు. మూడు నిమిషాల్లో చస్తే కోపం, చివరిదాకా వెళ్లి ఓడితే ఇంకా కోపం, ఆ కోపంలో ఎవడు లేస్తాడు? చివరికి పనికొచ్చింది ర్యాంకు వదిలేయడం. సీజన్ మారగానే ర్యాంకు దానంతటదే కిందికి దిగుతుంది, మళ్లీ ఎక్కాలి. బ్యాక్‌లాగ్‌కు అలాంటి సదుపాయం లేదు. ఆదివారం తప్ప పిలవొద్దని స్క్వాడ్‌కు చెప్పాను. తెనాలి వాడు అలిగాడు. నెల తిరక్కుండా వాడూ అదే పని చేశాడు. ఇంకొకటి కనిపెట్టాను: ఆట తర్వాత చదువు కుదరదు గానీ, చదువు తర్వాత ఆట చక్కగా కుదురుతుంది.

నష్టం మాత్రం జరిగిపోయింది. కాలేజీకొచ్చిన కంపెనీలు బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లను లోపలికే రానివ్వలేదు. 2022లో నాతోటివాళ్లు హైదరాబాదు, బెంగళూరు బస్సులెక్కుతుంటే నేను ఆఖరి సప్లీకి హాల్‌టికెట్ తెచ్చుకున్నాను. ఆ జులైలోనే బీజీఎంఐని కూడా ఆపేశారు. మరుసటి మేలో పెద్దవాళ్లకు రోజుకు ఆరు గంటలు, మైనర్లకు మూడు అని హద్దు పెట్టి మళ్లీ వదిలారు. ఆరు గంటలు హద్దంటే నాకు నవ్వొచ్చింది.

మొన్న మా వీధి పిన్ని ఒకావిడ వాళ్లబ్బాయిని వెంటబెట్టుకుని వచ్చింది. బీటెక్ రెండో ఏడు. "నువ్వు దాటొచ్చినవాడివి, వీడికి నాలుగు మాటలు చెప్పు నాయనా, ఫోన్ లాక్కోమంటావా?" అని అడిగింది. వాడు నేలచూపులు చూస్తున్నాడు. ఆవిణ్ణి లోపల అమ్మ దగ్గరకు పంపించి, ఏ సబ్జెక్టు అర్థం కావట్లేదని అడిగాను. అన్నీ వస్తాయన్నాడు. నేనూ అలాగే అనేవాణ్ణి కాబట్టి ఊరుకున్నాను. కాసేపటికి వాడే అన్నాడు, "పాయింటర్లు అన్నా. సీ లాంగ్వేజ్‌లో. ఫస్టియర్ నించీ."

నాకూ అవి అంతంతమాత్రమే. అక్క ఇప్పుడు గుంటూరులో ఉంటోంది. వాడి ఎదురుగానే ఫోన్ చేశాను, కంప్యూటర్లు చెప్పేవాళ్లు ఆమెకు తెలిసినవాళ్లెవరైనా రేపల్లెలో ఉన్నారేమో కనుక్కుందామని.