ఒక్క గేరుతో కొండెక్కాలంటే పళ్లు లెక్కపెట్టాలి

మౌంటెన్ బైక్‌కి గేర్లన్నీ తీసేసి ఒక్కటే ఉంచుతున్నానంటే ఆఫీసులో అందరూ అడిగింది ఒకే మాట: "మరి కొండ ఎలా ఎక్కుతావ్ బ్రో?" జవాబు సింపుల్. ఎక్కగలిగినంత ఎక్కుతాను, తర్వాత దిగి తోసుకుంటూ నడుస్తాను. కష్టమైన ప్రశ్న ఇంకోటుంది. ఎక్కడ దిగాలి? సింగిల్ స్పీడ్‌కి గేరు ఎంచుకోవడమంటే అది ముందే తేల్చుకోవడమే.

నేను ఎక్కువగా తొక్కేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. వానాకాలంలో అక్కడి ఎర్రమట్టి వెనక గేర్ల మధ్య ఇరుక్కుంటే చైన్ ఒకచోట నిలవదు. ఒక్క గేరైతే ఆ బాధ లేదు. గేరు మార్చే భాగాలు ఉండవు కాబట్టి బరువు తగ్గుతుంది, కడగడమూ సులువు. ఎక్కే దారి వస్తే మాత్రం సాయం చేసేవాళ్లెవరూ ఉండరు. మీ కాళ్లే.

ఇప్పుడు కొంచెం లెక్క. ముందు చక్రం పళ్లను వెనక ఫ్రీవీల్ పళ్లతో భాగించి, టైరు వ్యాసంతో గుణించండి. వచ్చేది 'గేర్ ఇంచెస్'. ఆ అంకె పెరిగేకొద్దీ పెడల్ బరువెక్కుతుంది, వేగమూ పెరుగుతుంది.

26 అంగుళాల చక్రాల రోజుల్లో చాలామంది పాటించిన లెక్క 2:1. అంటే ముందు 32, వెనక 16. అది 52 అంగుళాలు. ఇప్పుడు మనం కొనేవాటిలో చాలా వరకు 29 అంగుళాల చక్రాలు. వాటికీ 32-16 పెడితే 58 అవుతుంది, కొండ మీద నరకం. పాత 52 దగ్గరికి రావాలంటే వెనక 18 పళ్లు కావాలి. 20 పెడితే 46, 22 పెడితే 42. వెనక ఒక్క పన్ను మారితే దాదాపు 5 శాతం తేడా. వినడానికి చిన్నదే, ఎక్కేటప్పుడు మాత్రం బాగా తెలుస్తుంది.

ఎక్సెల్ షీట్‌లో ఇవన్నీ వేసుకుంటే 18 బాగానే కనిపించింది. కానీ మా నాన్న సంగతి ఒకటి మనసులో ఉంది.

నాన్న చాలా ఏళ్లు సైకిల్ మీద పాల క్యాన్లు మోశారు. ఆ సైకిల్ ఇంకా మా ఇంట్లో ఉంది. ముందు 44, వెనక 18, చక్రం 28 అంగుళాలు. అంటే 68 పైనే! చదునైన రోడ్డుకి చేసిన గేరు అది. ఊరి కాలువ వంతెన ఎక్కేటప్పుడు ఆయన రోజూ దిగి తోసుకుంటూ వెళ్లేవారు. మొన్న ఫోన్‌లో అడిగాను, "నాన్నా, అందరి ముందూ దిగడం నామోషీగా ఉండేది కాదా?" అని. "దిగితే పరువేం పోతుందిరా? పాలు ఒలికితే డబ్బులు పోతాయి" అన్నారు.

ఇప్పుడు ఆయనకి మెట్లెక్కాలంటే మోకాళ్లు సహకరించవు. అది సైకిల్ వల్లేనని ఏ డాక్టరూ చెప్పలేదు, నేనూ అనను. కానీ బరువైన గేరుని నెమ్మదిగా, బలంగా తొక్కుతున్నప్పుడు మోకాలి మీద భారం పెరుగుతుందన్నది నిజం. వారమంతా కుర్చీలో కూర్చుని, ఆదివారం ఒక్కసారిగా ఆ భారం వేసేది మనలాంటి వాళ్లమే. ఆయన వయసొచ్చాక కూడా నాకు సైకిల్ తొక్కాలనుంది.

అందుకే పార్ట్స్ కొనకముందే గేర్లున్న సైకిల్ మీద చూసుకున్నాను. చాలా 12 స్పీడ్ క్యాసెట్లలో 18, 21, 24 పళ్ల గేర్లు ఉంటాయి. ఒక ఆదివారం మొత్తం 18 మీదే ఉంచాను. మొదటి గంట హీరోలా ఉంది. మూడో గంటలో, అంతకుముందు ఎక్కేసిన మలుపు దగ్గరే దిగాల్సి వచ్చింది. తర్వాతి ఆదివారం 21. అదే మలుపు, అదే మూడో గంట, ఆయాసపడుతూనే అయినా ఎక్కాను. చివరికి 20 దగ్గర ఆగాను.

దీనికి చెల్లించే ధర కూడా చెప్పాలి. 32-20తో పెడల్ ఒక్క చుట్టు తిరిగితే బండి వెళ్లేది సుమారు 3.7 మీటర్లు. నిమిషానికి 90 చుట్లు తిప్పినా గంటకి 20 కిలోమీటర్లే. తారు రోడ్డు మీద ఫ్రెండ్స్ ముందుకెళ్లిపోతారు, నేను వెనకాల కాళ్లు గిరగిరా తిప్పుతూ ఉంటాను. వాళ్లు టీ సగం తాగేసరికి చేరుకుంటాను.

ఇంకో విషయం. మీ ఫ్రేమ్‌లో వెనక చక్రం ముందుకీ వెనక్కీ జరిగే వీలుందో లేదో చూసుకోండి. అది ఉంటే వెనక ఒక పన్ను మార్చినప్పుడు చక్రాన్ని దాదాపు 3 మిల్లీమీటర్లు జరిపితే చాలు, అదే చైన్ సరిపోతుంది. లేకపోతే చైన్ టెన్షనర్ పెట్టించాలి.

వేరేవాళ్ల నంబర్ మీకు పనికిరాదు. వాళ్ల బరువు వేరు, వాళ్ల కొండ వేరు. ఈ ఆదివారం మీ సైకిల్‌ని ఒకే గేరులో పెట్టి, మార్చే మీట మీద టేప్ అంటించి బయల్దేరండి. మూడో గంటలో ఎక్కడ దిగారో గుర్తుపెట్టుకోండి. అక్కడ దిగడం మీకు ఓకే అనిపిస్తే, అదే మీ గేరు.