గేజీ పెట్టేదాకా స్పానర్ ముట్టను

డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిల్ డబ్బా బొమ్మ వెలిగిందని మా షెడ్డుకొచ్చే బళ్లు రెండు రకాలు. తాడు కట్టి లాక్కొచ్చినవి, నడుపుకుంటూ వచ్చినవి. మొదటివి చాలావరకు చిన్న ఖర్చుతో బయటపడతాయి. రెండో రకానికి ఇంజన్ దించాల్సిన పరిస్థితే ఎక్కువ. “ఇక్కడికి నాలుగు కిలోమీటర్లే కదా మేస్త్రీ, మెల్లగా తోలుకొచ్చేశా” అంటారు. ఆ నాలుగు కిలోమీటర్లే బేరింగుల్ని తినేస్తాయి.

పెట్రోలు లైటు వెలిగినా ఇంకాస్త దూరం పోవచ్చు. ఆయిల్ లైటు సంగతి అలా కాదు. చాలా బళ్లలో ఆయిల్ ప్రెషర్ 0.3 నుంచి 0.5 బార్ మధ్యకు పడిపోతేనే దాని స్విచ్ పనిచేస్తుంది. హైవే మీద మూడు వేల ఆర్‌పీఎంలో తిరిగే ఇంజన్‌కి మామూలుగా మూడు బార్ల దాకా కావాలి. అంటే బండి వేగంగా పోతుండగా లైటు వెలిగిందంటే, ఉండాల్సిన ప్రెషర్‌లో పదో వంతో ఆరో వంతో మిగిలిందన్నమాట. అందుకే ఫోన్ చేసినవాళ్లకు ముందు చెప్పే మాట ఒక్కటే: పక్కకు తీసి ఇంజన్ ఆపండి, మళ్లీ స్టార్ట్ చేసి చూడొద్దు.

బండి షెడ్డులోకి వచ్చాక మొదటి పని డిప్‌స్టిక్ తీయడం. నేల చదునుగా ఉండాలి, ఇంజన్ ఆపి పది నిమిషాలన్నా కావాలి. ఆయిల్ తగ్గితే పోసి, ఎక్కడ కారుతోందో, ఎందుకు తాగుతోందో వెతుకుతాం. ఆయిల్ పెరిగినా ప్రమాదమేనని చాలామందికి తెలియదు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్-6 డీజిల్ బళ్లలో సైలెన్సర్ లైనులో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది తనలో పట్టిన మసిని కాల్చుకుని శుభ్రపడాలంటే అదనంగా డీజిల్ కొట్టించుకుంటుంది. ఎప్పుడూ ఊళ్లోనే తిరిగే బండిలో ఆ కాలడం సగంలో ఆగి, మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట ఆయిల్లోకి జారుతుంది. పై గీత దాటిన డిప్‌స్టిక్‌ని వాసన చూస్తే డీజిల్ కొడుతుంది, వేళ్ల మధ్య ఆయిల్ నీళ్లలా జారిపోతుంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయి, అది వేరే కథ.

తర్వాత స్విచ్. వైర్ సాకెట్లో ఆయిల్ కారి ఉందా, వైర్ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగులుతోందా చూస్తాను. స్విచ్ మార్చగానే లైటు ఆరిపోయే బళ్లూ ఉన్నాయి. కానీ ముందే స్విచ్ మార్చి చేతులు దులుపుకోను. ఆ స్విచ్ విప్పి, అదే రంధ్రంలో ముల్లున్న ప్రెషర్ గేజీ బిగిస్తాను. రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా ఇంజన్ వేడెక్కనిచ్చి ఐడిలింగ్‌లో ఎంత, రెండు వేలలో ఎంత, మూడు వేలలో ఎంత అని జాబ్ కార్డు మీద రాస్తాను. కంపెనీ మాన్యువల్‌లో ఉండాల్సిన అంకె ఉంటుంది. అది దొరకని పాత బళ్లకు వేడి మీద ఐడిలింగ్‌లో ఒక బార్‌కి అటూ ఇటూ, ఆపైన ప్రతి వెయ్యి ఆర్‌పీఎంకీ పది పీఎస్‌ఐ అనే పాత లెక్క సరిపోతుంది. కొత్త ఇంజన్లకు ఈ లెక్క పనికిరాదు. కొన్నిటిలో పంపు తనే అవసరాన్ని బట్టి ప్రెషర్ తగ్గించుకుంటుంది.

ఆ మూడు అంకెల్లోనే రోగం కనబడుతుంది. పంపు ఆయిల్ని తోస్తుంది, అంతే. బేరింగుల దగ్గర దారి ఇరుకు కాబట్టి ప్రెషర్ నిలబడుతుంది. క్రాంకుకీ బేరింగుకీ మధ్య సందు మామూలుగా ఒక మిల్లీమీటర్లో వందో వంతులు మూడు నుంచి ఆరు దాకా. అరిగి ఆ సందు పెరిగితే, వేడికి పల్చబడ్డ ఆయిల్ ఆగకుండా కింద ఆయిల్ నిలిచే చాంబర్లోకి జారిపోతుంది. అప్పుడు ఐడిలింగ్‌లో ముల్లు పడిపోతుంది, ఎక్సలేటర్ తొక్కితే కాస్త లేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు కూడా లేవకుండా ఒకచోటే ఆగిపోతే, ఎక్కువైన ప్రెషర్‌ని వదిలేసే రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని ఇరుక్కుందేమో, పంపు అరిగిందేమో అని చూడాలి.

విజయవాడ నుంచి ఏలూరు వైపు తిరిగే ఒక టాక్సీ డ్రైవర్ వచ్చాడు. ఎనభై దాటితే లైటు వెలుగుతుంది, టీ తాగడానికి ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఉండదు. ఇంకోచోట చూపిస్తే ఇంజన్ దించాలన్నారట. గేజీ పెట్టాం. ఐడిలింగ్‌లో 1.3, రెండు వేలలో 2.8, రెండూ బాగానే ఉన్నాయి. మూడు వేలు దాటాక ముల్లు వణికి, లేవాల్సింది పోయి ఒక బార్ కంటే కిందికి దిగింది. బేరింగులు పోయిన ఇంజన్ ఇలా చేయదు. వేగం పెరిగేకొద్దీ పంపు ఎక్కువ ఆయిల్ అడుగుతోంది, కింద నుంచి అందడం లేదు.

“చాంబర్ ఎప్పుడైనా విప్పారా తమ్ముడూ?” అని అడిగాను. ఆయిల్ కారుతోందని ఆమధ్య విప్పించి గమ్ము పెట్టించానన్నాడు. విప్పి చూస్తే అంచుల వెంట లోపలికి పొంగిన సిలికాన్ గమ్ము తునకలై పంపు జాలీకి అంటుకుని ఉంది. ఇంజన్ ఆపితే కొన్ని తునకలు జారిపోతాయి, అందుకే టీ కొట్టు దగ్గర అంతా బాగున్నట్టుండేది. జాలీ కడిగి, గమ్ము పల్చగా పెట్టి బిగించి, ఆయిలూ ఫిల్టరూ మార్చాం. పాత ఫిల్టర్ కోసి కాగితం మడతలు పరిచి చూశాను. తళతళలాడే రజను లేదు. రజను ఉండి, అయస్కాంతానికి అంటకపోతే బేరింగు లోహం రాలుతోందేమోనని అనుమానించాలి. మూడున్నర వేలలో మళ్లీ గేజీ చూస్తే 3.6.

బేరింగులు అరిగి ప్రెషర్ పడిపోయే రోగానికి బజార్లో చిట్కా వైద్యం ఒకటుంది. 5డబ్ల్యూ-30 పోయాల్సిన ఇంజన్లో 20డబ్ల్యూ-50 పోయడం. చిక్కటి ఆయిల్ సందుల్లోంచి నెమ్మదిగా జారుతుంది కాబట్టి లైటు ఆరిపోతుంది. అరిగిన బేరింగు అలాగే ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఆ ఆయిల్ పైన క్యామ్ దగ్గరికీ టర్బోకీ ఆలస్యంగా చేరుతుంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకు అందుకే చెబుతాను: స్టార్ట్ చేయకముందు తాళం తిప్పితే ఆయిల్ లైటు వెలగాలి, స్టార్టయ్యాక రెండు మూడు సెకన్లలో ఆరాలి, బండి బాగా వేడెక్కాక ఐడిలింగ్‌లో మళ్లీ మినుకుమనకూడదు. తాళం తిప్పినా వెలగకపోతే ఎందుకు వెలగలేదో తేలనిదే డబ్బులివ్వొద్దు.

టాక్సీ బిల్లులో గేజీ చెకింగ్‌కి వేసిన చార్జీ చూసి, “పార్టేం మార్చలేదు కదా, దీనికి డబ్బులేంటి?” అన్నాడు డ్రైవర్. చాలామంది అడిగే ప్రశ్నే ఇది. బేరింగులు వేస్తే బేరం లేకుండా ఇచ్చే డబ్బు, బేరింగులు అక్కర్లేదని తేల్చినందుకు ఇవ్వాలంటే చేయి రాదు. జాబ్ కార్డు తిప్పి ముందటి అంకెలు, తర్వాతి అంకెలు చూపించాను. ఇంజన్ పనికి వేరేచోట ఎంత చెప్పారో నేను అడగలేదు, అతనికి గుర్తుంది. లెక్క చూసుకుని చార్జీ కట్టాడు. ఇప్పుడు మాత్రం ఆ చార్జీ సంగతి గేజీ బిగించకముందే చెబుతున్నాను. వద్దన్నవాళ్ల బండికి ఇంజన్ పని ఒప్పుకోను.