జెర్సీలకు మార్కులేశాం, మాకు మేమే సున్నా వేసుకున్నాం

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి.

మా హాస్టల్‌లో రాత్రి అన్నం తిన్నాక ఒక ఫోన్ చుట్టూ ఆరేడుగురం కూర్చుంటాం. పనేమీ లేదు, ఫుట్‌బాల్ జెర్సీలకు మార్కులేస్తాం. ఎక్కువగా 2021-22 సీజన్ గురించే కొట్లాట. కరోనా వల్ల పరీక్షలు రాయకుండానే టెన్త్ పాసైన బ్యాచ్ మాది. మ్యాచులు చూడటం నేర్చుకున్నది ఆ ఏడాదే. అందుకే ఆ సీజన్ చొక్కాలు కళ్లలో అట్లనే ఉండిపోయాయి.

పెద్ద క్లబ్బులకు ఏడాదికి మూడు జెర్సీలుంటాయి. సొంత గ్రౌండ్‌లో వేసేది ఒకటి, బయటికెళ్తే వేసేది ఒకటి, ఇంకోటి మూడోది. ఈ మూడోదాంట్లోనే డిజైన్ చేసేవాళ్లు ఆటలాడతారు. మేం చూసేది ఒక్కటే: ఈ చొక్కా ఎవరిదో ఆ ఊరోళ్లకు తెలుస్తుందా?

మా ఫస్టు ర్యాంకు అయాక్స్ మూడో జెర్సీకి. అది నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్ క్లబ్బు. నల్ల చొక్కా, అంచులకు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. వెనక మెడ కింద మూడు చిన్న పిట్టలు. పిట్టలెందుకంటే, 2008లో ఆ టీమ్ వేల్స్‌లోని కార్డిఫ్‌లో ఒక ఫ్రెండ్లీ మ్యాచ్ ఆడింది. అయిపోయాక అయాక్స్ అభిమానుల్ని కాసేపు స్టేడియంలోనే ఆపారు. అప్పుడు మైకులో బాబ్ మార్లీ పాట 'త్రీ లిటిల్ బర్డ్స్' వేశారు. వాళ్లు గొంతు కలిపారు. అప్పట్నుంచి అది ఆ క్లబ్బు పాటైపోయింది. ఎవరో ఆఫీసులో కూర్చొని పెట్టింది కాదు, అభిమానులే తెచ్చుకున్నది. పదమూడేళ్ల తర్వాత చొక్కా మీదికొచ్చింది. యూరప్ కప్పు మ్యాచుల్లో మాత్రం ఆ పిట్టలు ఉండొద్దని యూఫా చెప్పింది, తీసేశారు. పిట్టలు లేకున్నా చూసినోళ్లకు కథ తెలుసు. పదికి తొమ్మిదిన్నర.

రెండోది ఇటలీ వెనీజియా. చాలా ఏళ్ల తర్వాత పెద్ద లీగుకు వచ్చిన చిన్న టీమ్. నలుపు మీద బంగారు రంగు, చూస్తే పెళ్లిబట్టల్లా ఉంటది. చొక్కాకు పేరొచ్చింది గానీ టీమ్ మాత్రం అందరికన్నా కింద నిలబడి మళ్లీ దిగిపోయింది. మా గోల్‌కీపర్ "చొక్కా గోల్ కొట్టదురా" అన్నడు. చొక్కాకు ఎనిమిది, టీముకు పాస్ మార్కులు కూడా లేవు.

ఇక చివరి ర్యాంకు ఆ ఏడాది ప్యూమా కంపెనీ మూడో జెర్సీలకు. మాంచెస్టర్ సిటీ, మిలాన్, మార్సెయ్, వాలెన్సియా, డార్ట్‌మండ్, ఇట్లా చాలా క్లబ్బులకు ఒకే అచ్చు. ఛాతీ మీద క్లబ్బు గుర్తు ఉండాల్సిన చోట ఉండదు. అడ్డంగా పేరు, దాని కింద స్పాన్సర్. గుర్తేమో బట్ట రంగులోనే కలిసిపోయి, దగ్గరికొచ్చి చూస్తేగానీ కనబడదు. డార్ట్‌మండ్ అభిమానులకు బాగా కోపమొచ్చింది. చివరికి కంపెనీ వాళ్లకు క్షమాపణ చెప్పింది. అదే సీజన్‌లో అయాక్స్ ఆ డార్ట్‌మండ్‌ను 4-0తో కొట్టింది. ఆ స్కోరు చదివి మేం పడీపడీ నవ్వాం.

అప్పుడు మాలో ఒకరన్నారు: "మరి మన జెర్సీకి ఎన్ని మార్కులు?"

ఎవరూ మాట్లాడలేదు.

పోయిన ఏడాది హాస్టళ్ల టోర్నమెంట్‌కు తలా 280 రూపాయలు వేసుకున్నాం. ఇద్దరి దగ్గర లేవు, మిగతావాళ్లం సర్దాం. టౌన్‌లో ప్రింటింగ్ షాపాయన "ఏం టీమ్?" అనడిగిండు. "ట్రైబల్ హాస్టల్ అన్నా, డిజైన్ నువ్వే మంచిగ పెట్టు" అన్నాం. వారానికి జెర్సీలొచ్చాయి. ఛాతీ నిండా ఒక మనిషి మొహం. బుగ్గల మీద ఎర్రగీతలు, తల మీద గద్ద ఈకల కిరీటం. కింద 'ట్రైబల్ వారియర్స్'. అది అమెరికా ఆదివాసుల బొమ్మ. నెట్‌లో ట్రైబల్ అని కొడితే ముందుగా వచ్చిందేదో ఆయన పెట్టిండు.

నిజం చెప్పాలి. మాకది నచ్చింది. వేసుకొని ఫోటోలు దిగాం, స్టేటస్‌లు పెట్టాం. సెమీఫైనల్ దాకా ఆడాం. అవతలి టీమోళ్లు కేకలు పెడుతూ నోటి మీద చెయ్యి కొట్టుకుంటే, అది మమ్మల్ని ఎగతాళి చేయడమని కూడా తెలియలేదు. మేమూ నవ్వాం.

దీపావళికి మాలో ఒకరు ఆ జెర్సీతోనే ఇంటికెళ్లారు. దండారీ రోజులు. గుస్సాడీలు నెమలి ఈకల టోపీలతో ఊరికొస్తున్నారు. తాత జెర్సీ పట్టుకొని చూసిండు. "ఈయనెవరు? ఏ ఊరాయన?" అన్నడు. తర్వాత ఈకల మీద వేలు పెట్టి "మనది నెమలి కదా, ఇదేం పిట్ట?" అన్నడు. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగిండు. జవాబు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు.

మన మార్లవాయి కనక రాజు గారికి గుస్సాడీ నాట్యానికే 2021లో పద్మశ్రీ వచ్చింది. అదే 2021 జెర్సీల్లో పిట్టల కథ కూడా చెప్పగలిగాం, మన ఈక ఏదో షాపాయనకు చెప్పలేకపోయాం. తప్పు ఆయనది ఒక్కడిదే కాదు. "నువ్వే పెట్టు" అన్నది మేమే. డార్ట్‌మండ్ వాళ్ల గుర్తు కనబడకపోతే వాళ్లు కొట్లాడారు. మాకు వేరేవాళ్ల మొహం పెడితే థాంక్స్ అన్నా అన్నాం. అందుకే సున్నా.

ఈసారి మేమే కూర్చున్నాం. ఒకరు గుస్సాడీ టోపీ బొమ్మ వేద్దామన్నారు. గోండు అన్న ఒప్పుకోలేదు. "అది నియమంతో కట్టుకునేది. చెమట చొక్కా మీద, బకెట్ల నానబెట్టే బట్ట మీద వద్దు" అన్నడు. ఇంకొకరు గుంజాల గోండి లిపిలో పేర్లు రాద్దామన్నారు. అది విని కోలాం తమ్ముళ్లు "మా మాట కొలామి కదా, మేమేం చేయాలె?" అన్నారు. రెండు రాత్రులు పట్టింది.

చివరికి తెల్ల జెర్సీ, ఆకుపచ్చ అంచు. ముందర బొమ్మ లేదు, హాస్టల్ పేరు. వెనక ఆటగాడి పేరు బదులు అతని ఊరి పేరు, తెలుగులో. కొన్ని ఊర్ల పేర్లు షాపాయన మూడుసార్లు తప్పు కొట్టిండు. పక్కనే నిలబడి మూడుసార్లు దిద్దించాం.

మొన్న మొదటి మ్యాచ్ ఓడిపోయాం, 2-1. కానీ మ్యాచ్ అయ్యాక అవతలి టీమ్ పిల్లడొకడు మా లెఫ్ట్ బ్యాక్ వీపు చదివి "ఈ ఊరెక్కడ అన్నా?" అనడిగిండు. మావోడు బస్సు ఎక్కడ దిగాలో, అక్కడ్నుంచి ఎంత నడవాలో మొత్తం చెప్పిండు.

మీ హాస్టళ్లలో, మీ ఊరి టీముల్లో జెర్సీలు కొట్టించే ముందు ఒక రాత్రి కూర్చోండి. ఇంట్లో ముసలోళ్లను ఒక మాట అడగండి. ఇప్పటికే కొట్టించినవి ఉంటే ఫోటోలు కింద పెట్టండి. మార్కులు మేమేస్తాం, మొహమాటం లేకుండా.