పట్టా మీద ఇద్దరం, లిస్టులో ఒక్కరం

కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

రైతుబంధు 2018లో మొదలైనప్పుడు సీజన్‌కి ఎకరాకి 4 వేలు. తర్వాత 5 వేలు అయింది. 2025 నుంచి రైతు భరోసా పేరుతో 6 వేలు. పోడు పట్టా ఉన్నోళ్లకి కూడా ఇస్తున్నారు, మంచిదే. కానీ ఈ డబ్బు దున్నేవాళ్ల వెంట రాదు, కాగితం మీద పేరు వెంట వస్తది. పేరున్న మనిషి పోతే డబ్బు కూడా అక్కడే ఆగిపోతది.

మాది మూడెకరాల పోడు. నాన్న 2022లో చనిపోయిండు. భూమి పడావు పడలేదు, అమ్మ ఆ ఏడు కూడా పత్తి పెట్టింది. కానీ సీజన్‌కి వచ్చే 15 వేలు మాత్రం ఆగిపోయాయి. విత్తనాలు, మందు కట్టలు షావుకారు దగ్గర అప్పుకి తెచ్చాం. అప్పు ఇచ్చినాయనకే పత్తి వెయ్యాలి, ఆయన చెప్పిందే రేటు. 15 వేలు చిన్నదే అనిపిస్తది గానీ, పంటని మన ఇష్టమొచ్చిన చోట అమ్ముకునే ధైర్యం ఆ 15 వేలల్లోనే ఉంది.

అమ్మ ఆఫీసుకి నాలుగుసార్లు తిరిగింది. "పట్టాదారు రావాలి" అన్నారట ఒకసారి. చనిపోయిన మనిషిని ఎక్కడి నుంచి తేవాలి? ఇంకోసారి "వచ్చే సీజన్‌కి చూద్దాం" అన్నారు.

సెలవులకి ఇంటికి పోయినప్పుడు పట్టా తీసి చూశాను. అందులో నాన్న పక్కనే అమ్మ ఫోటో, అమ్మ పేరు ఉన్నాయి. డబ్బులు వేసే లిస్టులో మాత్రం నాన్న ఒక్కడే. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(4) ఏం చెప్తుందంటే, ఈ హక్కు అమ్మడానికి, వేరేవాళ్లకి రాసివ్వడానికి వీల్లేదు, కానీ వారసత్వంగా వస్తది. పెళ్లైనవాళ్లకి భార్యాభర్తలిద్దరి పేర్ల మీదా నమోదు చెయ్యాలి. అంటే అమ్మ కొత్తగా ఏమీ అడగడం లేదు. మొదటి రోజు నుంచే ఆమె కూడా హక్కుదారు.

ఆ సెక్షన్ నంబరు రాసి, పట్టా జిరాక్సు, చావు సర్టిఫికెట్, అమ్మ ఆధార్, బ్యాంకు పుస్తకం జిరాక్సులు పెట్టి దరఖాస్తు ఇచ్చాం. ఈసారి నోటిమాటతో పంపకుండా ముద్ర కొట్టి రసీదు ఇచ్చారు. డబ్బు ఇంకా పడలేదు. కానీ అడగడానికి ఇప్పుడు చేతిలో ఒక కాగితం ఉంది.

మన గూడేల్లో ఇలాంటి ఇళ్లు చాలానే ఉన్నాయి. పట్టా తాత పేరు మీద ఉంటది, దున్నేది మనవళ్లు. అసలు పట్టాయే రాని కుటుంబాలు ఇంకా ఉన్నాయి, వాళ్లది ఇంతకంటే పెద్ద కొట్లాట. హాస్టల్లో చదివే మనం ఈ సెలవుల్లో ఒక నోటుబుక్కు పట్టుకుని ఇంటింటికీ పోదాం. మూడే ప్రశ్నలు: పట్టా ఎవరి పేరు మీద ఉంది? ఆ మనిషి ఉన్నాడా? భార్య పేరు పట్టాలో ఉందా, లిస్టులో ఉందా? రాసుకున్నది గ్రామసభలో పెట్టి తీర్మానం అడుగుదాం.

మీ ఊళ్లో ఎవరికైనా పేరు మారి ఉంటే, ఏ కాగితాలు పెట్టారో కింద రాయండి. ఇంకొకరికి పనికొస్తది.

జై ఆదివాసీ.